యాభై రెండు సెకన్లు

ఫిబ్రవరి 6

మామయ్యకి,

కుశల ప్రశ్నలు రాస్తే "ఏం కావాలో చెప్పి తగలడు" అంటావు కాబట్టి నేరుగా పనిలోకి వస్తున్నాను.

నాన్న బ్యాండు మొదటి రికార్డుని మళ్ళీ విడుదల చేస్తున్నారు. అది వచ్చి ఇరవై ఏడేళ్ళయింది. పాత రీళ్ళకి పట్టిన బూజు వదిలించి, చిటపటలు తీసి, కొత్తగా అచ్చుకి సిద్ధం చేసే పని మా స్టూడియోకి వచ్చింది. ఇక్కడ ఆ పని చేసేది నేనొక్కదాన్నే. రికార్డుతోపాటు ఎనిమిది పేజీల చిన్న పుస్తకం కూడా ఇస్తారట. తొలిరోజుల సంగీతానికీ ఇప్పటి సంగీతానికీ తేడా ఏమిటో అందులో రాయాలి. "ఇంట్లో పిల్లవి కదా, నువ్వే రాసెయ్" అన్నారు. ఇంట్లో పిల్లనే గానీ, ఆ రికార్డు తయారవుతున్నప్పుడు నాకు రెండేళ్ళు.

ఈ బ్యాండు అభిమానులు రెండు జట్లని నీకు తెలుసు కదా. గడ్డాలు నెరిసినవాళ్ళు "మొదటి మూడు రికార్డులే దుమ్ము రేపే మెటల్ సంగీతం, తర్వాతవి జోలపాటలు" అంటారు. నా వయసువాళ్ళకి నాలుగో రికార్డు నుంచే బ్యాండు మొదలైంది. నేను రెండో జట్టు అని ముందే ఒప్పుకుంటున్నాను. మొదటి రికార్డు వింటుంటే బస్సు తప్పిపోతున్నట్టు ఉంటుంది నాకు. ఇప్పటి పాటల్లో చోటు ఉంది, నాన్న ఆ లోతు గొంతుతో మెల్లగా మొదలుపెడితే ఎక్కడికీ వెళ్ళబుద్ధి కాదు.

పోయిన వారం ఇంటికి వెళ్ళినప్పుడు నాన్ననే అడిగాను. "ఆ రికార్డు గురించి నన్నడక్కు. డ్రమ్ములు వాయించినవాణ్ణి అడుగు" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మేమో "మీ మామయ్య చెవుల్లో ఎప్పుడూ ఈలే, ఫోను చేస్తే ఏం వినపడదు, ఉత్తరం రాయి" అంది. బావా బావమరుదులు ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళలో "బాగున్నావా" అంటే "బాగున్నా" అనుకోవడం తప్ప మాట్లాడుకోలేదు. మధ్యలో నేను ఇరుక్కున్నాను. కాబట్టి రాయి మామయ్యా.

నీ కోడలు పిల్ల

*

ఫిబ్రవరి 15

కోడలు పిల్లకి,

నీ ఉత్తరం వచ్చేసరికి ఒక దర్జీగారి మిషను బల్ల మీద ఉంది. సూదికీ కింద తిరిగే కొక్కేనికీ కుదరడం లేదు, కుట్టు తప్పిపోతోంది. ఆయనకి సాయంత్రానికల్లా కావాలి. కుట్టుమిషన్లు బాగుచేసేవాడికి తీరిక ఉంటుందని మీ స్టూడియోవాళ్ళు అనుకుంటారు కాబోలు.

నిన్ను బావే పురమాయించాడని నాకు తెలుసు. తాను అడగలేక పిల్లని పంపాడు. అయినా అడిగింది నువ్వు కాబట్టి చెబుతాను.

మొదటి రికార్డుకి మేం నలుగురం, పెద్దవాడు బావ, ముప్పై రెండేళ్ళు. పాటకి మూడు నిమిషాలు చాలని లోకమంతా అనుకుంటున్నప్పుడు పద్దెనిమిది నిమిషాల పాట రాశాడు. ఏడు దెబ్బల లెక్కతో మొదలవుతుంది, మధ్యలో పదకొండుకి మారుతుంది, ఆఖర్న రెండూ ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. నా రెండు కాళ్ళూ పెడల్స్ మీద, ఎడమ చెయ్యి ఏడులో, కుడి చెయ్యి పదకొండులో. వినేవాళ్ళకి అది లెక్కలా కాక తుఫానులా ఉండాలని బావ పట్టుదల. ఆ పాట వాయించాక నా చొక్కా పిండితే బకెట్టు నిండేది. నీకు బస్సు తప్పిపోతున్నట్టు ఉందా? మాకు బస్సు నడుపుతున్నట్టు ఉండేది, బడుద్ధాయీ.

అది మా బైబిలు, మా పంచాంగం అన్నీ. రికార్డు వచ్చాక రిహార్సల్ గది మారాం. కొత్త గదిలో పియానో లేదు. అందుకని గ్రామఫోను మీద మా రికార్డే పెట్టి, అందులో మొదటి మీటుకి గిటార్ల తీగలు సవరించుకునేవాళ్ళు. మా రికార్డే మాకు శ్రుతిపెట్టె అన్నమాట!

కాబట్టి దాన్ని తుడువు, అంతే. సరిచేస్తానని చెయ్యి పెట్టకు. చక్కగా ఉన్న మిషను విప్పి చెడగొట్టినవాళ్ళని రోజూ చూస్తున్నాను.

ఇప్పటి పాటలు నేను వినలేదు. వినే తీరిక లేదు. ఆ ఆరో రికార్డులో రెండో పాటకి నా చోట్లో వచ్చిన ఆ కొత్త కుర్రాడు తాళాన్ని అంతసేపు ఆపి పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు.

అక్కని అడిగానని చెప్పు.

మామయ్య

*

ఫిబ్రవరి 24

వినని రికార్డులో రెండో పాట గురించి చెప్పిన మామయ్యకి,

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుందట. ఎన్ని విన్నావు? అన్నీనా? అమ్మకి చెప్పాను, "వాడంతే" అని నవ్వింది.

నన్ను నాన్న పంపలేదు. నమ్మితే నమ్ము. నేను నీకు రాస్తున్నానని తెలిశాక ఒకే ఒక్క మాట అడిగాడు: "వాడి మణికట్టు నొప్పి ఇప్పుడెలా ఉంది?" నాకు అసలు నీకు నొప్పి ఉందనే తెలీదు. అప్పుడు చెప్పాడు. మొదటి రికార్డు తర్వాత నీ చెయ్యి నొప్పి పెట్టేదనీ, ఆ వేగం అందేది కాదనీ, అందుకే నాలుగో రికార్డుకి పాటలు నెమ్మదిగా రాశాడనీ. "వాడి చేతికి విశ్రాంతిగా ఉంటుందని రాశాను, వాడేమో వెళ్ళిపోయాడు" అన్నాడు. పత్రికలవాళ్ళు దాన్ని "పరిణతి" అంటూ ఎన్ని వ్యాసాలు రాశారు! తీరా చూస్తే బావమరిది చెయ్యి నొప్పి!

ఇప్పటిదాకా నేను రాసింది ఇదీ: "తొలి మూడు రికార్డుల్లో పరుగు, తర్వాతివాటిలో నడక. ముందు లెక్క పైకి కనబడేది, ఇప్పుడు లెక్క లోపల దాక్కుని పాట పైకి వస్తుంది. ముందు గాయకుడి గొంతు ఆకాశాన్ని గీకేది. తర్వాత ఆయన కావాలనే కిందికి దిగి, నేల మీద కూర్చుని మాట్లాడటం నేర్చుకున్నాడు." నిదానమే ప్రధానం అని తేల్చేశానని నీకు కోపం రావచ్చు. తిట్టు, కానీ కారణంతో తిట్టు.

ఇంకో సంగతి. వాద్యాలన్నీ కలిపి తీసిన ఆఖరి రీలు ఉన్న అట్టపెట్టె మీద అప్పటి ఇంజినీరు పెన్సిల్‌తో పెద్ద పాట నిడివి 18:04 అని రాశాడు. రీలు నడిపితే 17:12 వస్తోంది. యాభై రెండు సెకన్లు ఎటు పోయాయి? ఏమైనా కోసేశారా? కోత ఎక్కడా కనబడలేదు. నీకు గుర్తుందా?

నీ కోడలు పిల్ల

*

మార్చి 3

కోడలికి,

ఆ ఇంజినీరు గడియారం ఎప్పుడూ సరిగ్గా నడిచింది లేదు. మధ్యాహ్నం రెండింటికి రమ్మంటే నాలుగింటికి వచ్చేవాడు. వాడు పెన్సిల్‌తో రాసిన అంకెలు పట్టుకుని నువ్వు పరిశోధన చేస్తున్నావా? ఇరవై ఏడేళ్ళుగా జనం విన్నది పదిహేడు నిమిషాల పన్నెండు సెకన్లు. అదే పాట.

నా మణికట్టు బాగానే ఉందని బావకి చెప్పు. నా మీద జాలిపడి పాటలు రాయమని ఆరోజూ ఎవరూ అడగలేదు, ఈరోజూ అడగడం లేదు. నాలుగో రికార్డు పాటలు నా ముందు పెట్టినప్పుడే నాకు అర్థమైంది. ముసలివాడికి చేతికర్ర ఇచ్చినట్టు ఇచ్చాడు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిది నిండలేదు.

నువ్వు అడిగిన తేడా గురించి ఇంతకంటే నాకేం తెలీదు. ముందు రికార్డులు ముందువి, తర్వాతవి తర్వాతవి. పుస్తకంలో నా ఊసు లేకపోయినా ఫరవాలేదు.

షాపులో పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాయకు, కొన్నాళ్ళు.

మామయ్య

*

మార్చి 11

మామయ్యా,

రాయకు అన్నావు. నీ మాట నేనెప్పుడు విన్నాను?

నీ పోయిన ఉత్తరం చదివి రెండు రోజులు బాధపడ్డాను. జాలి అనే మాట నాన్న అనలేదు, నేనూ అనలేదు. అదంతా నీ తలలోదే. కానీ ఇప్పుడు నీకు చెప్పబోయేది వింటే షాపు మూసి పరిగెత్తుకుని వస్తావు.

ఇంట్లో చెప్పుల బీరువా పైన ఇంకో రీలు దొరికింది. అన్నీ కలపకముందు, ఒక్కో వాద్యాన్నీ విడివిడిగా పట్టిన వెడల్పాటి రీలు. దాన్ని నడిపితే పెద్ద పాట సరిగ్గా 18:04! మీ ఇంజినీరు గడియారం నిక్షేపంగా ఉందయ్యా. ఇంకా విను. పాట మొదలయ్యే ముందు గిటారు పెట్టెలోంచి కరెంటు గుయ్యిమని రొద వస్తుంది కదా, ఆ రొద శ్రుతి ఎప్పుడూ ఒకటే, కరెంటు మారదు కాబట్టి. వెడల్పు రీలులో అది ఉండాల్సిన చోటే ఉంది. ఆఖరి రీలులో మాత్రం దాదాపు అర స్వరం పైకి ఎక్కి ఉంది. అంటే అన్నీ కలిపి ఆఖరి కాపీ తీసిన రోజు ఆ మిషను నూటికి అయిదు పాళ్ళు ఎక్కువ వేగంతో తిరిగింది. పాడు మిషను!

అర్థమైందా? రికార్డులో ఉన్న వేగంతో నువ్వు ఎప్పుడూ వాయించలేదు. ఎవరూ వాయించలేదు. నీ చేతులు నెమ్మదించలేదు మామయ్యా! రెండో రికార్డునాటి రిహార్సల్ క్యాసెట్టు తీసి కొలిచాను. మొదటి రికార్డు అసలు రీలులో ఎంత వేగమో అందులోనూ అంతే, ఒక్క దెబ్బ తేడా లేదు. అయిదేళ్ళు ఒక చెడిపోయిన మిషనుతో పోటీపడి, ఓడిపోయాననుకుని, డ్రమ్ములు వదిలేసి వెళ్ళిపోయావు.

నాన్నకి ఫోను చేసి, వచ్చి వినమన్నాను. ఆదివారం వస్తానన్నాడు. నువ్వూ రా. ఏడుపొస్తోంది నాకు, సంతోషంతోనే.

నీ కోడలు పిల్ల

*

మార్చి 17

తల్లీ,

మిషనుని తిట్టకు. దాని తప్పు లేదు.

ఆఖరి కాపీ తీసే రోజు మధ్యాహ్నం నీకు జ్వరం వచ్చిందని అక్క కబురు పెడితే బావ ఇంటికి వెళ్ళాడు. మిగతా ఇద్దరూ వాడి వెనకే పోయారు. ఇంజినీరు మీటలన్నీ సర్ది, "నేను భోజనం చేసి వస్తా, నువ్వు ఈ బొత్తాం నొక్కి రీలు అయ్యేదాకా కూర్చో, ఏదీ ముట్టుకోకు" అన్నాడు. ఆ పక్కనే వేగం మార్చే తిప్పుడు మర ఉంది. పొద్దున వాడు దాంతో ఆడటం చూశాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మా ఊళ్ళోనే ఇంకో బ్యాండులో ఒకడు నాకంటే వేగంగా వాయిస్తాడని అందరూ అనేవాళ్ళు. అది నిజమే. నిజం కావడమే మంట. మరని ఒక్క పిసరు తిప్పాను. విన్నాను. నా కాళ్ళు గుర్రాలైపోయాయి. బొత్తాం నొక్కాను.

ఇంజినీరు వచ్చేసరికి రీలు చుట్టి పెట్టి, మరని మళ్ళీ సున్నా మీద పెట్టాను. ఎవరికీ తెలీలేదు. రికార్డు వచ్చాక "ఎవడ్రా ఈ డ్రమ్మరు" అన్నారు జనం. ఆర్నెల్లు నేల మీద నడవలేదు నేను.

తర్వాత రిహార్సల్. బావ రికార్డు పెట్టి "ఇలా వాయించు, రికార్డులోలాగా" అనేవాడు. రాలేదు. రోజుకి ఆరు గంటలు సాధన చేసినా రాలేదు. చెయ్యి నొప్పి అన్నాను. నొప్పీ లేదు, గిప్పీ లేదు. లేని నొప్పికి బావ మందు రాస్తున్నట్టు నెమ్మది పాటలు రాస్తుంటే, చూడలేక వెళ్ళిపోయాను. వెళ్ళేముందు ఒక పోట్లాట కావాలి కదా, "నా మీద జాలి చూపిస్తావా" అని పోట్లాడాను. పాపం, వాడికి ఆరోజూ ఏం అర్థం కాలేదు.

చేసుకున్నవాడికి చేసుకున్నంత. నా గర్వానికి నేనే పోయాను, ఇంకెవరికీ నష్టం లేదు. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. నువ్వూ మూసుకో. మిషను చెడిందనే ఉండనీ. నీ కాళ్ళు పట్టుకుంటాను.

మామయ్య

*

మార్చి 22

మామయ్యా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నాన్న అంతకుముందు ఆదివారమే వచ్చి విని వెళ్ళాడు. ఆ రోజుకి నాకూ మిషనే దోషి.

ఏం జరిగిందో చెబుతాను. వెడల్పు రీలు పెట్టాను. నాన్న చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆఖరి చరణంలో గొంతు పైకి వెళ్ళే చోటు ఉంది చూడు, గడ్డాలవాళ్ళు "ఆ తర్వాత ఆయన అంత పైకి ఎప్పుడూ వెళ్ళలేదు" అని ఇప్పటికీ ఏడ్చే చోటు. అక్కడ నాన్న ముందు సన్నగా గొణిగాడు. తర్వాత లేచి నిలబడి పాడాడు. అందింది. అరవైకి ఒక్క ఏడాది తక్కువ మామయ్యా, అయినా అందింది. నేను రీలు ఆపేశాను. "ఇదే కదా నేను పాడింది" అన్నాడు. ఆ మాటే మూడుసార్లు అన్నాడు.

నువ్వు డ్రమ్మరువి. నీకు వేగమే గుర్తుంది. రీలు వేగం పెంచితే శ్రుతి కూడా పైకి పోతుందని నీకు తట్టలేదా? తట్టినా, పిసరంతే కదా ఎవరికి తెలుస్తుంది అనుకున్నావా? మీ రికార్డే మీకు శ్రుతిపెట్టె అని నువ్వే రాశావు. అంటే ప్రతి రిహార్సల్లో, ప్రతి కచేరీలో గిటార్లన్నీ అర స్వరం పైన ఉన్నాయి. నాన్న తాను ఎన్నడూ పాడని స్వరం కోసం రోజూ ఎగిరాడు. అందలేదు. గొంతు పోయిందనుకున్నాడు. ముగ్గురు గొంతు డాక్టర్ల దగ్గరికి వెళ్ళాడట. ముగ్గురూ "గొంతుకేం లేదు" అంటే, తన మనసు కష్టపెట్టలేక అబద్ధం చెబుతున్నారనుకున్నాడట. అప్పుడు కింది గొంతుతో పాడటం నేర్చుకున్నాడు. నేనేమో "కావాలనే నేల మీద కూర్చున్నాడు" అని రాసుకున్నాను. ఆ వాక్యం కొట్టేశాను.

నీకు తెలుసా, నాన్న ఇంట్లో ఎప్పుడూ పాడలేదు. స్నానాల గదిలో కూడా. వంటవాడు ఇంట్లో వండడు కదా, అలాంటిదేలే అనుకుని పెరిగాను.

"ఇంకెవరికీ నష్టం లేదు" అన్నావే, దానికి నాకు కోపం వచ్చింది. ఇంకా ఉంది.

నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. రికార్డు అసలు వేగంతోనే వేయమని నాన్న అన్నాడు. వచ్చే నెల మొదటి వారంలో అచ్చుకి పంపాలి. వేగం ఎందుకు మారిందో పుస్తకంలో ఒక వాక్యం రాయాలి. మిషను అని రాయనా, నిజం రాయనా అన్నది నీ ఇష్టం. నిజమైతే నాన్న దాన్ని అచ్చులో చదవకూడదు. నీ నోటితో వినాలి.

నీ కోడలు పిల్ల

*

ఏప్రిల్ 2

కోడలు పిల్లకి,

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు షాపు తెరిచి పనిచేయకుండా కూర్చున్నాను. గొంతు సంగతి నాకు నిజంగా తట్టలేదమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తట్టలేదు. బావ గొంతు కిందికి దిగిందని విన్నాను, కొత్త పోకడ కాబోలు అనుకున్నాను. ఆరో రికార్డు విని ఎంత బాగా మారాడు అని అసూయ కూడా పడ్డాను.

మొన్న ఆదివారం పొద్దుటి బస్సుకి వెళ్ళాను. తలుపు బావే తీశాడు. "చెవులు ఎలా ఉన్నాయి?" అని గట్టిగా అరిచాడు. లోపలికి వెళ్ళి కూర్చుంటే చెప్పలేనేమోనని గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశాను. మర తిప్పింది నేనేనని, చెయ్యి నొప్పి అబద్ధమని.

బావ తలుపు పట్టుకునే అడిగాడు. 

"ఎందుకు చెప్పలేదురా?"

"సిగ్గేసింది బావా."

"ఇరవై ఏడేళ్ళా?"

"మొదటి ఏడాది సిగ్గు. తర్వాత అలవాటైపోయింది."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "నాకు గొంతు అందడం లేదని నేనూ నీకు చెప్పలేదులే. చెప్పుంటే ఆరోజే బయటపడేది" అని, లోపలికి రమ్మన్నాడు. ఆ మాటతో వాడు నా తప్పులో సగం తన నెత్తిన వేసుకున్నాడు. నేను దానికి తగను. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నదని అప్పటికి చూసుకోలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేను ఈయన పాట విని పెళ్ళి చేసుకున్నానురా. పిల్లకి రెండేళ్ళప్పుడు ఆ పాట ఆగిపోయింది. నా వల్ల ఏమైనా తప్పు జరిగిందేమోనని ఎన్నేళ్ళు అనుకున్నానో నీకు తెలుసా?" అంది. బావకి కూడా ఈ సంగతి అప్పుడే తెలిసినట్టుంది, చటుక్కున అక్క వైపు తిరిగాడు.  

పుస్తకంలో నిజమే రాయి. మిషను అని రాయకు, కుర్రతనం అని కూడా సర్దకు. "అందరూ బయటికి వెళ్ళినప్పుడు డ్రమ్మరు వేగం పెంచాడు" అని రాయి. ఆ గడ్డాలవాళ్ళు నన్ను తిడతారు. తిట్టనీ. తొలి సంగీతానికీ తర్వాతి సంగీతానికీ తేడా గురించి నువ్వు ఏం రాసినా నాకు సమ్మతమే. నాకైతే ఇప్పుడు అదంతా ఒకటే మనిషి పాడినట్టు వినబడుతోంది.

వెళ్ళొస్తానంటే అక్క వెళ్ళనివ్వలేదు. "భోంచేసి వెళ్ళు. కానీ ఇవాళ నీతో మాట్లాడను" అని కంచం పెట్టింది. అన్నట్టుగానే మాట్లాడలేదు. నేను తలొంచుకుని తిన్నాను. బావ మాత్రం వంటింట్లో గిన్నెలు తుడుస్తూ పాడుతూనే ఉన్నాడు, అక్క అడిగిన పాటల్లా.

మామయ్య